గంటకి రెండు నిమిషాలు తక్కువ

ఆ సోమవారం పొద్దున యల్లమంద వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎక్కడైనా ఒక చోట కూర్చోవాలి. కళ్ళు మూసుకోవాలి. గంటసేపు కదలకూడదు, మాట్లాడకూడదు, ఎవరి మీదా కసురుకోకూడదు. రాళ్ళూ రప్పలూ ఏ శిక్షణా లేకుండా రోజూ చేస్తున్న పనే అది. కానీ యల్లమంద పల్నాటి మనిషి, పైగా కాలవల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు, అన్నిటికీ మించి కోపిష్టి. అలాంటి మనిషి సంసారం మొత్తం ఆ ఒక్క గంట మీద ఆధారపడి ఉంది.

సంసారం సంగతి ముందు చెప్పాలి. యల్లమందకి యాభై నాలుగేళ్ళు. తండ్రి నుంచి ఆయనకి రెండే సంక్రమించాయి, మీసం ఒకటి, కోపం ఒకటి. డాక్టరు బీపీ చూసి, "మాత్రలైతే నేనిస్తా. కోపం తగ్గించుకోవాల్సింది మీరే" అన్నాడు. ఎవరో చెబితే సాగర్ దగ్గర ఒక ధ్యాన కేంద్రానికి వెళ్ళి పది రోజులు మౌనంగా కూర్చుని వచ్చాడు. అది బౌద్ధుల పద్ధతి. మంత్రం లేదు, పూజ లేదు. ఊపిరిని గమనించడం, ఒంట్లో పుట్టే నొప్పినీ దురదనీ గమనించడం, గమనించి ఊరుకోవడం. పుట్టిందేదైనా పోతుంది, దాన్ని వాళ్ళు 'అనిచ్చ' అంటారు, అనిత్యం అని. పదో రోజుకి యల్లమందకి ఏదో అర్థమైనట్టే అనిపించింది. ఆ ఊపులో మీసం తీసేశాడు. తిరుగు ప్రయాణంలో దుర్గిలో దిగి చిన్న రాతి బుద్ధుణ్ణి కొన్నాడు. రెండు తెల్ల లాల్చీలు కుట్టించుకున్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడే బామ్మర్ది భోజనానికి వచ్చాడు. యల్లమంద లోపలి గదిలో ధ్యానంలో ఉన్నాడు. హాల్లో బామ్మర్ది ఫోను మోగింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అయిదోసారికి యల్లమంద ధ్యానంలోంచి లేచి వచ్చి, ఆ ఫోను లాక్కుని, బట్టలు నానబెట్టిన టబ్బులో వేశాడు. అంతటితో ఆగితే ఆయన యల్లమంద ఎందుకవుతాడు, బామ్మర్దిని మూడు తరాలు వెనక్కి వెళ్ళి తిట్టాడు. ముద్ద కలిపిన చేయి కడుక్కుని బామ్మర్ది మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. విస్తరి ముందు నుంచి చుట్టాన్ని లేపడం ఆ ప్రాంతంలో తలలు పగలడానికి సరిపోయే కారణం.

ఆయన భార్య అనసూయ తల పగలగొట్టలేదు. అంతకన్నా పెద్ద పని చేసింది. "పది రోజులు నోరు మూసుకోని కూచోని, ఆ తిట్లన్నీ దాచిపెట్టుకొచ్చి మా తమ్ముడి మీద పోశావు. నీకో దణ్ణం, నీ ధ్యానానికో దణ్ణం. గంటసేపు కదలకుండా, కసరకుండా ఒక్క చోట కూచున్న రోజున నాతో మాట్లాడు. అందాకా నేను నీతో మాట్లాడను" అంది.

మాట్లాడలేదు. పంతొమ్మిది రోజులు. పొద్దున కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగా పెట్టేది, మధ్యాహ్నం అన్నం గిన్నె ఇంకాస్త గట్టిగా పెట్టేది. అంతే. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడ మాటలు సగం విని సగం వదిలేసిన మనిషికి ఇప్పుడు ఆ వదిలేసిన సగం కూడా కావలసి వచ్చింది. కూర బాగుందని తానే చెప్పి, అవును బాగుందని తానే ఒప్పుకుంటూ తినడం ఎంత నరకమో పడినవాడికి తెలుస్తుంది. ధ్యాన కేంద్రంలో మౌనం తేలికే. అక్కడ ఎవరి మౌనం వాళ్ళది.

అప్పటి నుంచి ఆ గంట కోసం తంటాలు పడుతూనే ఉన్నాడు. పై వాటాలో ఫిలోమినా టిఫిన్లు వేసి అమ్ముతుంది, తెల్లవారకముందే ఆవిడ గ్రైండరు మొదలవుతుంది. అది ఆగేసరికి మునిసిపాలిటీ చెత్త బండి పాట పాడుకుంటూ వస్తుంది. అది పోయేసరికి పక్కింటి కుక్కరు. యల్లమంద ఇప్పటిదాకా దాటింది ఇరవై మూడు నిమిషాలు. ఇరవై నాలుగో నిమిషంలో ఎవరో ఒకరు ఆయన చేత తిట్లు తింటారు. కళ్ళు తెరిచినా నోరు తెరిచినా లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలని నియమం పెట్టుకున్నాడు. ధ్యానాన్ని కూడా పంతం పట్టి చేసేవాణ్ణి చూసి, టీవీ పక్కన కూర్చున్న దుర్గి బుద్ధుడు మాత్రం ఏమంటాడు. ఏమీ అనలేదు.

ఆ సోమవారం మెలకువ వచ్చేసరికి యల్లమందకి ఒక ఆలోచన తట్టింది. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా ఈ నరసరావుపేటలో పురుగు కూడా రాని చోటేది? తన ఆఫీసు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో పదిన్నరకి ముందు అక్కడ మనిషనేవాణ్ణి ఆయన చూడలేదు. చూడాలంటే ఆయన పదిన్నరకి ముందు వెళ్ళి ఉండాలి, అది వేరే సంగతి. బీపీ పేరు చెప్పి నెలరోజులుగా సెలవులో ఉన్నాడు కాబట్టి పనిచెప్పేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు.

పావు తక్కువ ఎనిమిదికి వెళ్ళేసరికి ఆఫీసు గేటుకి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. సరే, లోపలైతేనేం, బయటైతేనేం అనుకుని, యల్లమంద గేటు పక్కన గోడవారగా తెల్ల దుప్పటి పరిచాడు. ఎండ మొహాన కొట్టకుండా రోడ్డు వైపు తిరిగి మఠం వేసుకున్నాడు. ఫోనులో గంట టైము పెట్టి, అంకెలు కనబడేటట్టు ఎదురుగా నీళ్ళ సీసాకి ఆనించాడు. 'ఆకాశం విరిగి పడ్డా సరే, గంట నిండకుండా నోరు తెరిస్తే నేను యల్లమందనే కాదు' అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

సర్కారు ఆఫీసు మూసిన గేటు ముందు, తెల్ల దుప్పటి మీద, తెల్ల బట్టలతో, నోరు మూసుకుని కూర్చున్న మనిషిని చూస్తే వేరే ఊళ్ళో ఏమనుకుంటారో తెలియదు గాని, ఇక్కడ బళ్ళో వేయని పిల్లవాణ్ణి అడిగినా ఒకటే మాట చెబుతాడు. దీక్ష.

మొట్టమొదట చూసింది టెంట్ హౌస్ ముజమ్మిల్. పెళ్ళి పందిరి విప్పి, సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని పోతున్నవాడు బండి ఆపాడు. ఊళ్ళో రైతులు కూర్చున్నా, అంగన్‌వాడీ ఆయాలు కూర్చున్నా, ఏ పార్టీ వాళ్ళు కూర్చున్నా ఆ దీక్షకి టెంటు అతనిదే. మర్నాడు పేపర్లో ఫోటో పడితే నాయకుల మొహాలు కనబడకపోయినా, పైన గుడ్డ అంచుకి కుట్టిన ముజమ్మిల్ టెంట్ హౌస్ అనే పేరూ ఫోను నెంబరూ స్పష్టంగా కనబడతాయి. అలాంటిది తనకి చెప్పకుండా దీక్షా? అతనికి మనసు చివుక్కుమంది.

"ఏందన్నా, ఒక్కడివే కూచున్నావు? టెంటు ఎవరికి చెప్పావు?" అన్నాడు. యల్లమంద ఊపిరిని గమనిస్తున్నాడు. "ఓహో, మౌన దీక్షా. సరే సరే, నువ్వు మాట్లాడబాకు. నేనున్నా గదా" అని గునపం తీశాడు.

యల్లమంద చెవుల పక్కన గుంటలు తవ్వే చప్పుడు మొదలైంది. గమనించాడు. ధ్వని పుడుతోంది, పోతోంది, అనిచ్చ అనుకున్నాడు. మునిసిపాలిటీ వాళ్ళు పైపులకి తవ్వుతున్నారు కాబోలు, తవ్వుకోనీ అనుకున్నాడు. లోపల లెక్కపెట్టుకుంటూ ఇరవై మూడు దాటాడు, ముప్ఫై దాటాడు. సంతోషం పొంగింది. సంతోషం కూడా అనిచ్చే అని దాన్నీ నొక్కిపెట్టాడు. నలభయ్యో నిమిషంలో మెడ మీద చల్లగా ఏదో పడింది. పామేమోనని ఠక్కున కళ్ళు తెరిచాడు.

బంతిపూల దండ. నెత్తిన ఎర్రా పసుపూ గళ్ళ షామియానా. చుట్టూ పాతిక కుర్చీలు. ఎదురుగా ముజమ్మిల్ పళ్ళికిలించి, "పెళ్ళిలో మిగిలిందన్నా, వాడలా" అన్నాడు.

కోపం పొత్తికడుపు నుంచి బయలుదేరి గొంతు దాకా వచ్చింది. నోరు తెరవనన్న పంతం దాన్ని పళ్ళ దగ్గర ఆపింది. యల్లమంద ఒక వేలు చూపించాడు, ఫోను చూపించాడు, రెండు చేతులూ జోడించాడు. ఒక్క గంట, దయచేసి వదిలెయ్యమని ఆయన భావం. ముజమ్మిల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్కడివేనని దిగులు పడబాకన్నా. ఇప్పుడే దానయ్య మాస్టారికి ఫోన్ కొడతా" అని పక్కకి వెళ్ళాడు.

లేచి వెళ్ళిపోవచ్చు గదా అని మీరనొచ్చు. యల్లమంద కూడా అనుకున్నాడు. కానీ ఎక్కడికి? ఇంటి దగ్గర గ్రైండరు. ఇక్కడ కనీసం నీడైనా ఉంది. ఫోనులో అంకెలు మళ్ళీ సున్నా చేసి కళ్ళు మూసుకున్నాడు.

ఎనిమిదీ నలభైకి ముప్పాళ్ళ వైపు బస్సులో దేవమ్మ దిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎకరన్నర మిరప చేను. ప్రతి సోమవారం ఆ ఆఫీసుకి రావడం ఆవిడకి మూడేళ్ళుగా అలవాటు. గేటు ముందు టెంటు చూసి, లోపలికి వచ్చి, దుప్పటి కొసన సంచీ పెట్టుకుని కూర్చుంది.

"అయ్యా, నువ్వు దేనికోసం కూచున్నావో నాకు తెలవదు. నేనైతే మా తూము కోసం వచ్చా" అంది. వినేవాడు మాటకి అడ్డం రాకపోవడం ఆ ఆఫీసు దరిదాపుల్లో ఆవిడకి కొత్త. అందుకని మొత్తం చెప్పింది. "మూడేళ్ళ కిందట కాలవ తూము తలుపు విరిగింది. నీళ్ళన్నీ వాగులోకి పోతన్నయ్, మా చివరి చేలకి చుక్క రాదు. కాయితం పెట్టినం. ఫైలు అయ్యిందంట, ఎవరో గుమాస్తా దగ్గర ఉందంట. ఎప్పుడొచ్చినా ఆ సీటాయన లేడనే చెప్తారు. మూడేళ్ళయింది, ఆ మారాజు మొహం ఎట్టుంటదో నేను చూడలా."

దొంగకి తేలు కుట్టినట్టయింది యల్లమందకి. ఆ మారాజు ఆవిడ పక్కనే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆ ఫైలు ఆయనకి బాగా తెలుసు. మూడేళ్ళ కిందట ఆ ఆఫీసు పెద్ద, అప్పటి డీఈ గారు అందరి ముందూ, "యల్లమందా, ఈ నోట్‌లో ఫుల్‌స్టాప్ ఎక్కడుందయ్యా? చదవలేక ఆయాసం వస్తోంది" అని నవ్వాడు. యల్లమంద ఆ రోజే ఆయన గదిలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. వారం తర్వాత తూము ఫైలు మీద డీఈ గారు 'ప్లీజ్ స్పీక్' అని రాసి పంపాడు. అంటే, వచ్చి మాట్లాడి వివరం చెప్పు, సంతకం పెడతానని. యల్లమంద వెళ్ళలేదు, మాట్లాడలేదు. ఫైలు సొరుగులో పడింది. తర్వాత డీఈ గారికి బదిలీ అయింది గాని ఫైలుకి కాలేదు.

అపరాధభావం పుడుతోంది, గమనించు, అనిచ్చ అనుకున్నాడు. గమనించాడు. నొప్పి పోయింది, దురద పోయింది, ఇది మాత్రం పోలేదు. పైగా ఆవిడ సంచీలోంచి పచ్చడి వాసన వస్తోంది.

తొమ్మిదికి దానయ్య మాస్టారు మైకుతో సహా వచ్చాడు. రిటైర్డ్ హెడ్మాస్టరు, పదకొండు సాధన సమితులకి కన్వీనరు. ఊళ్ళో రైలు ఆగకపోయినా కోతులు ఆగకపోయినా ఆయనే సమితి పెడతాడు. వెంట యూట్యూబ్ ఛానల్ రాజీవ్ ఫోను పట్టుకుని లైవ్ మొదలుపెట్టాడు. మైకు పెట్టె యల్లమంద కుడిచెవికి మూరెడు దూరంలో దిగింది.

"సోదర సోదరీమణులారా" అంది పెట్టె. యల్లమంద కూర్చున్నచోటే జానెడు లేచి దిగాడు. కళ్ళు మాత్రం తెరవలేదు.

"ఈ మహానుభావుడెవరో మనకి తెలీదు. ఏ ఊరో తెలీదు. కానీ మన కోసం అన్నం నీళ్ళు మానేశాడు" అని, దానయ్య మాస్టారు మైకు పక్కకి తీసి అడిగాడు, "ఇంతకీ డిమాండ్ ఏందిరా?"

"ఏమో సార్. ఒక వేలు చూపించాడు. ఒకటే డిమాండ్ అయ్యుంటది" అన్నాడు ముజమ్మిల్.

"మా తూమే అయ్యా" అంది దేవమ్మ. "ఇందాక ఫైలు సంగతి చెప్తంటే ఆయన గుటకలు మింగాడు."

"రాసిపెట్టిస్తే గట్టిగా ఉంటది" అని దానయ్య మాస్టారు కాగితం, పెన్ను తెచ్చి యల్లమంద చేతుల్లో పెట్టి, భుజం పట్టి ఊపాడు. అంతలా ఊపితే రాతి బుద్ధుడైనా కళ్ళు తెరుస్తాడు. యల్లమంద తెరిచాడు. ఎదురుగా రెండొందల మంది. కళ్ళు నిప్పులు కక్కుతుండగా కాగితం మీద 'ఒక్క గంట' అని రాసి, కింద రెండు గీతలు గీసి, విసిరికొట్టి, ఫోనులో మళ్ళీ సున్నా నొక్కి కళ్ళు మూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై అయింది.

దానయ్య మాస్టారు కాగితం చూసి, ఫోనులో పరిగెడుతున్న అంకెలు చూసి, మైకు అందుకున్నాడు. "అల్టిమేటం ఇచ్చాడయ్యా. ఒక్క గంట. పదీ ఇరవై లోపు తూము ఫైలు మీద సంతకం కావాలి."

"కాకపోతే ఏం చేస్తాడంట?" అన్నారు వెనక నుంచి.

"అది రాయలా. రాయలేదంటే ఆలోచించుకోండి."

జనం ఆలోచించుకున్నారు. ఆ ఆలోచన బస్టాండు చేరేసరికి కిరోసిన్ డబ్బా అయింది, మార్కెట్ యార్డు చేరేసరికి రెండు డబ్బాలయ్యాయి. పావుగంటలో అంబులెన్సు వచ్చింది, దాని వెనక ఫైరింజను వచ్చింది. ఐస్‌క్రీం బండి కూడా వచ్చింది. అంబులెన్సు నర్సు యల్లమంద చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, "నూట డెబ్బై" అంది. పక్కన దేవమ్మ, "ఆ ఫైలు దాచినోడు చల్లగా ఉండాలి తల్లీ, వాడి బిడ్డలు నీళ్ళకి మొహం వాచకూడదు" అంది. నర్సు మళ్ళీ చూసి, "నూట తొంభై" అంది.

"చూశారా, రైతు కష్టం వింటే ఆయన రక్తం ఎట్టా మరుగుతందో" అన్నాడు దానయ్య మాస్టారు మైకులో.

ఇంటి దగ్గర ఫిలోమినా గ్రైండరు ఆపి, ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. "అనసూయక్కా, అన్నయ్య లైవ్‌లో ఉన్నాడు. ఇంకో అరగంటలో అంటించుకుంటాడంట" అంది. ఏం చేయాలో తోచక, అనసూయ చేతికందిన ఇడ్లీలు క్యారియర్‌లో సర్దుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా, 'నేనే, నా నోటి పంతమే ఇంత పనిచేసింది' అని ఏడ్చుకుంటూ వచ్చింది.

టెంటు కిందికి వచ్చి చూస్తే కిరోసిన్ లేదు. మొగుడు మఠం వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఫోనులో అంకెలు. ముప్ఫై ఆరు నిమిషాలు, నలభై సెకన్లు. ఈ ఊళ్ళో ఆ అంకెల అర్థం తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఏడుపు ఆగిపోయింది. దాని చోట్లోకి ఏం వచ్చిందో చెప్పడం కష్టం. క్యారియర్ తెచ్చి ఆయన ముందు నేల మీద కాస్త గట్టిగా పెట్టింది.

ఆ చప్పుడు యల్లమంద ఎక్కడున్నా గుర్తుపడతాడు. అనసూయ వచ్చింది. చూస్తోంది. ఇక చచ్చినా కదలకూడదు.

"అమ్మా, మీరు ఈయన భార్యా? రెండు మాటలు ఆయనతో మాట్లాడండి, ఆరోగ్యం జాగ్రత్తని" అన్నాడు దానయ్య మాస్టారు.

"నేను మాట్లాడను. పంతొమ్మిది రోజులైంది మాట్లాడక" అంది అనసూయ.

"పంతొమ్మిది రోజులా" అని దానయ్య మాస్టారు మైకు తిప్పాడు. "ఇల్లాలు కూడా ఈ తూము కోసం పంతొమ్మిది రోజులుగా మౌనంలో ఉందయ్యా." చప్పట్లు మోగాయి. "అమ్మా, ఇంతకీ మీ వారి పేరేంది?"

అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ మొగుడి పేరు నోటితో పలికింది లేదు, రేషన్ కార్డు ఆఫీసులో కూడా కాగితం మీద రాసే ఇచ్చింది. ఇప్పుడు మైకులో చెబుతుందా? తల అడ్డంగా ఊపింది. పేరు కూడా చెప్పుకోని కుటుంబమని జనం మరింత కరిగిపోయారు.

పదీ పదికి జీపు వచ్చింది. కొత్త డీఈ పద్మజ గారు దిగారు. ఆవిడ చేరి మూడు వారాలైంది, అప్పటికే యల్లమంద సెలవులో ఉన్నాడు. వెంట టైపిస్టు వందన, ఆ అమ్మాయీ ఆవిడతోనే కొత్తగా వచ్చింది. పాత స్టాఫంతా, ఫైళ్ళు మోయడానికి వాచ్‌మన్‌తో సహా, కలెక్టరాఫీసులో మీటింగుకి వెళ్ళారు. దానయ్య మాస్టారు ముందుచూపు గల మనిషి, దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం గ్లాసు అప్పుడే తెప్పించి డీఈ గారి చేతికిచ్చేశాడు.

"ఈ తూము ఫైలు నా దాకా రాలేదండీ" అంది పద్మజ గారు గ్లాసు పట్టుకుని. "వస్తే అయిదు నిమిషాల పని. వందనా, చూడమ్మా."

వందన గేటు తాళం తీసి లోపలికి వెళ్ళి బీరువాలు వెతికి వచ్చింది. "లేదు మేడం. రిజిస్టర్లో మాత్రం యల్లమంద గారనే సీనియర్ అసిస్టెంటు పేరు మీద మూడేళ్ళ కిందట రాసుంది. ఆయన లీవులో ఉన్నారు."

"యల్లమందా?" అని దానయ్య మాస్టారు పిడికిలి ఎత్తాడు. "రైతుల ఉసురు పోసుకున్న యల్లమంద, డౌన్ డౌన్."

"డౌన్ డౌన్" అన్నారు జనమంతా. యల్లమందకి దండ వేసిన ముజమ్మిల్ అందరికన్నా గట్టిగా అన్నాడు. అనసూయ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

యల్లమంద లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంకా ఆరు నిమిషాలు. ఇంకా అయిదు. దానయ్య మాస్టారు డౌన్ డౌన్‌ల మధ్య టైము కూడా చెబుతున్నాడు. కళ్ళు మూసుకుంటే చాలు. గంట నిండుతుంది. అనసూయ మాట్లాడుతుంది. మీసం లేదు కాబట్టి ఈ మూకకి తాను ఎవరో తెలియదు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు వచ్చి ఫైలు తీసి బీరువాలో పడేస్తే సరిపోతుంది. ఇంతకన్నా సుఖమైన దారి బుద్ధుడు కూడా చూపించలేడు.

"ఫైలు లేకపోతే నేను చేసేదేం లేదు అవ్వా" అంది పద్మజ గారు, బాధగానే. "మళ్ళీ మొదటి నుంచి ఎస్టిమేట్ వేయించాలి. ఇంకో ఏడాది పడుతుంది."

దేవమ్మ అరవలేదు. ఎవర్నీ తిట్టలేదు. సంచీ భుజాన వేసుకుని లేచింది. "పోన్లే తల్లీ, నువ్వేం చేస్తావు. మళ్ళా సోమారం వస్తాలే" అంది. మూడేళ్ళుగా ప్రతి సోమవారం అన్నమాటే అయి ఉంటుంది, అంత మామూలుగా అంది. తర్వాత వంగి యల్లమంద దుప్పటి కొస సర్దింది. "నువ్వు గూడా లే అయ్యా. నా కోసం పొద్దున్నుంచి ఎండిపోయావు."

"రెండే నిమిషాలు" అంది మైకు.

"రెండో సొరుగు" అన్నాడు యల్లమంద.

ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. యల్లమంద కళ్ళు తెరిచాడు. "కిటికీ పక్కన బల్ల. రెండో సొరుగు. స్టీలు టిఫిన్ బాక్సు ఉంటది, దాని కింద. ఆకుపచ్చ అట్ట."

వందన పరిగెత్తింది. రెండు నిమిషాల్లో ఆకుపచ్చ అట్టతో తిరిగి వచ్చింది. "టిఫిన్ బాక్సు కూడా ఉంది మేడం. మూత తీయొద్దులెండి" అంది.

దానయ్య మాస్టారు మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. "దివ్యదృష్టి" అన్నాడు. "కళ్ళు మూసుకోని, గోడ అవతల, సొరుగులో, బాక్సు కింద." ముజమ్మిల్ యల్లమంద కాళ్ళ మీద పడ్డాడు. ఫైరింజన్ డ్రైవరు దిగి వచ్చి, ఇంట్లో బంగారు గొలుసు పోయి నెలరోజులైంది, ఎక్కడుందో చెప్పమన్నాడు.

"దివ్యదృష్టీ లేదు, వంకాయా లేదు" అన్నాడు యల్లమంద. "అది నా సొరుగు. నేనే యల్లమందని."

"చూశారా" అని దానయ్య మాస్టారు గద్గదమయ్యాడు. "ఎవడో సన్నాసి చేసిన పాపం తన నెత్తినేసుకుంటన్నాడు. ఇట్టాంటి మనుషులు ఇంకా ఉన్నారయ్యా." జిందాబాద్‌లు మొదలయ్యాయి. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఇంత కష్టపడాలని యల్లమందకి ఎవరూ చెప్పలేదు.

పద్మజ గారు అనసూయ వైపు తిరిగింది. "నిజమేనామ్మా? ఈయన పేరు యల్లమందేనా?"

అనసూయ తల దించుకుంది. "ఆ పేరే" అంది.

జిందాబాద్ సగంలో ఆగింది. ముజమ్మిల్ లేచి, యల్లమంద మెడలోంచి దండ మెల్లగా తీసుకుని, మడిచి సంచీలో పెట్టుకున్నాడు. దానయ్య మాస్టారు పదకొండు సమితుల చరిత్రలో మొదటిసారి తన చేత్తో తానే మైకు కట్టేశాడు.

పద్మజ గారు ఫైలు తెరిచింది. "ఇందులో అన్నీ ఉన్నాయి. ప్లీజ్ స్పీక్ అని రాశారు, అంతే. ఎందుకు ఆగింది?"

"మాట్లాడమన్నారు మేడం. నేను మాట్లాడలా."

"మూడేళ్ళా?"

"కోపమొచ్చింది మేడం."

ఆవిడ పెన్ను మూత తీసింది. "ఇప్పుడు మాట్లాడండి."

యల్లమంద మాట్లాడాడు. తూము తలుపు కొలతలు, ఇసుక, సిమెంటు, ఎన్ని ఎకరాలకి నీళ్ళు అందడం లేదో, కాగితం చూడకుండా చెప్పాడు. అన్నీ నోటికి వచ్చని ఆయనకే అప్పుడు తెలిసింది. పద్మజ గారు ఫైలు జీపు బానెట్ మీద పెట్టి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టింది. చేతిలో ఉండిపోయిన నిమ్మరసం ఎవరికివ్వాలో తెలియక దేవమ్మకిచ్చింది. దేవమ్మ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, యల్లమందని పైనుంచి కిందికి చూసింది.

"సీట్లో దొరకలా గాని, రోడ్డు మీద దొరికావు" అంది.

అప్పుడు వినబడింది ఫోను గంట. జనం గోలలో ఎప్పటి నుంచి మోగుతోందో. పగోడాలో కంచు మోగినట్టు మెత్తగా, నీ గంట నిండిందని చెబుతోంది. యల్లమంద దాన్ని ఆపి, తలెత్తి భార్యని చూశాడు. పొద్దున్నుంచి మూడుసార్లు సున్నా అయిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం.

అనసూయ క్యారియర్ విప్పుతోంది. తలెత్తకుండానే అంది.

"రెండు నిమిషాలు తక్కువ."

యల్లమందకి ఏడుపొచ్చినంత పనైంది. సంతోషంతో. "అయితే లెక్కలోకి రాదా?" అన్నాడు.

"నేను మాట్లాడతన్నా గదా. ఇంకేం లెక్క" అని ఇడ్లీ తుంచి పచ్చడి అద్ది ఆయన చేతిలో పెట్టింది. "తిను. తిని మా తమ్ముడికి ఫోన్ చెయ్యి. కొత్త ఫోను కొనుక్కున్నాడు, ఎత్తుతాడు."

సాయంత్రానికి యల్లమందకి మెమో వచ్చింది. మూడేళ్ళు ఫైలు ఎందుకు ఆపారో సంజాయిషీ ఇవ్వాలని. ఆయన రాత్రి కూర్చుని, ఒక్కో వాక్యానికి ఒక్కో ఫుల్‌స్టాప్ పెట్టి, నాలుగు పేజీలు రాసి మర్నాడే పంపాడు. మధ్యాహ్నానికి ఆ కాగితాలు డీఈ గారి గది నుంచి వెనక్కి వచ్చాయి, పైన ఆకుపచ్చ సిరాతో రెండే మాటలు ఉన్నాయి: ప్లీజ్ స్పీక్.